పన్నెండో రోజు దాకా

గురువారం, సెప్టెంబరు 8, 2022

అమ్మాయికి పురుడు పొయ్యడానికి విశాఖపట్నం నుంచి వచ్చి నెల దాటింది. లండన్‌కి పడమటి పక్క, స్లౌ అనే ఊరు. ఇంతవరకూ నేను చూసిన ఇంగ్లండు ఇదీ: వంటిల్లు, పసివాడి ఉయ్యాల, కిటికీలోంచి వాన.

ఈ రోజూ వానే. పొద్దుటి నుంచి టీవీలో గ్యాసు, కరెంటు బిల్లుల గొడవ నడుస్తోంది. రెండు రోజుల కిందట గద్దెనెక్కిన ప్రధాని లిజ్ ట్రస్, మామూలు ఇంటికి ఏడాది బిల్లు 2,500 పౌండ్ల దగ్గర ఆపుతామని చెబుతోంది. మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక ఆ మాటలు మధ్యలోనే ఆగిపోయాయి. ఎలిజబెత్ రాణిగారి ఆరోగ్యం గురించి డాక్టర్లు కంగారు పడుతున్నారన్నారు. మంగళవారం స్కాట్లండులోని బాల్మోరల్ కోటలో ఈ ప్రధానికి చెయ్యి కలిపిన ఫొటోలో ఆవిడ చేతి మీద నీలంగా కమిలిన మచ్చ చూసి, "ఇది మంచి గుర్తు కాదే" అన్నాను. "నువ్వు డాక్టరువా అమ్మా?" అంది మా అమ్మాయి.

సాయంత్రం ఆరున్నరకి చెప్పేశారు. 96 ఏళ్ళ మనిషి, 70 ఏళ్ళ ఏలుబడి. పక్క గదిలో ఆఫీసు మీటింగులో ఉన్న అల్లుడు వచ్చి టీవీ ముందు నిలబడ్డాడు. ముగ్గురం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. మా వీధిలో ఎవరైనా పోతే ముందు కాళ్ళు చెప్పుల్లో దూరతాయి, మాటలు తరవాత. పరామర్శకి వెళ్ళాలి కదా. కిటికీలోంచి చూశాను. ఇక్కడ వీధి వీధంతా తలుపులు వేసే ఉంది. ఆవిడ పోయింది ఎక్కడో స్కాట్లండులో. ఈ జనం ఎవరింటికని వెళ్తారు?

రాత్రి మా రిటైర్డ్ టీచర్ల వాట్సాప్ గ్రూపు నిండా ఒకటే మాట: "కోహినూరు ఇచ్చెయ్యమనండి." ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పినదాన్ని, నేనేమంటానో అని అందరూ కాచుకుని ఉన్నారు. ఏమీ అనలేదు. నేను విశాఖ వన్‌టౌన్‌లో రాణీబొమ్మకి నాలుగు వీధుల అవతల పెరిగిన పిల్లని. ఆ బొమ్మ విక్టోరియాది. ఈవిడ తాతగారికి నాయనమ్మ. ఆ బొమ్మ కింద కూచుని సెనక్కాయలు తిన్నానే గాని, ఆవిడ ఏ దేశం రాణో చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు.

శుక్రవారం, 9

హైడ్ పార్కులో ఏడాదికొకటి చొప్పున 96 సార్లు ఫిరంగులు పేల్చారు. మాకు టీవీలోనే వినిపించింది.

పాలకని బజారుకి వెళ్ళాను. బస్టాపుల్లో నిన్నటిదాకా పిజ్జాలు, సెల్‌ఫోన్లు మెరిసిన తెరల మీద ఇవాళ ఆవిడ మొహం, కింద 1926–2022. వారాంతం ఫుట్‌బాల్ ఆటలన్నీ వాయిదా. ఒక సూపర్‌మార్కెట్టు వాళ్ళు బిల్లు వేసేటప్పుడొచ్చే బీప్ చప్పుడు తగ్గించారట. ఏడవడం రాని ఇంటివాళ్ళు గిన్నెల చప్పుడు తగ్గించుకున్నట్టుంది.

శనివారం, 10

"అత్తయ్యగారూ, మీరు లండన్ చూడనేలేదు కదా, పదండి" అని అల్లుడు బయల్దేరదీశాడు. మేమెక్కిన రైలు మార్గం పేరు ఎలిజబెత్ లైను. మే నెలలో ఆవిడే స్వయంగా వచ్చి ప్రారంభించింది. దిగింది పాడింగ్టన్ స్టేషన్లో. అక్కడ ఒకటో ప్లాట్‌ఫారం మీద టోపీ పెట్టుకున్న ఎలుగుబంటి కంచుబొమ్మ ఉంది. పిల్లల కథల్లో ఈ స్టేషన్లోనే దొరికిన ఎలుగట, పేరూ ఇదేనట. జూన్‌లో రాణిగారి డెబ్భై ఏళ్ళ పండగకి తీసిన చిన్న వీడియోలో ఈ ఎలుగు ఆవిడతో టీ తాగింది. ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి నారింజ జామ్ పూసిన శాండ్‌విచ్ తీసి, తరవాతకని దాచుకున్నానంది. ఇది నేనెందుకు చెబుతున్నానో గ్రీన్ పార్కుకి వెళ్తే తెలుస్తుంది.

గ్రీన్ పార్కులో చెట్ల కింద పూలు బారులు బారులుగా పరిచి ఉన్నాయి. అన్నీ గుత్తులే, మన దండల్లాంటిది ఒక్కటీ లేదు. ప్లాస్టిక్ కాగితం విప్పి పెట్టమని పార్కు వాళ్ళు బతిమాలుతున్నారు, ఎరువు చెయ్యాలి కాబట్టి. మనుషులు మోకాళ్ళ మీద కూచుని, కత్తెర లేక పళ్ళతో దారాలు కొరుకుతున్నారు. పూల మధ్య పిల్లలు గీసిన గుర్రాలు, పొట్టికాళ్ళ కుక్కలు, ఆ ఎలుగు బొమ్మలు లెక్కలేనన్ని. వాటి పక్కన పొట్లాల్లో నిజం శాండ్‌విచ్‌లు, నారింజ జామ్‌వి!

నాకు నవ్వు రాలేదు. పోయినవాళ్ళకి ఇష్టమైనది వండి, ఆకులో వడ్డించి, పెరట్లో పెట్టి కాకి కోసం ఎదురుచూసే ఇంట్లో పుట్టినదాన్ని. మా నాన్నగారికి గారెలతో పాటు సిగరెట్టు కూడా పెట్టాడు మా చిన్నన్నయ్య. ఈ జనానికి ఆ తంతు ఎవరూ నేర్పలేదు, మంత్రం లేదు, పురోహితుడు లేడు. అయినా చెయ్యి తనంతట తను అటే వెళ్ళింది. పార్కులో వన్యప్రాణులకి మంచిది కాదు, శాండ్‌విచ్‌లు తేవద్దని అధికారులు తరవాత గట్టిగానే చెప్పాల్సి వచ్చింది. మన పురోహితుడైతే కాకి ముట్టిందా లేదా అని అడిగేవాడు.

ఉదయం పదకొండింటికి సెయింట్ జేమ్స్ ప్యాలెస్ బాల్కనీ మీంచి కొత్త రాజు పేరు చాటారు. దాంతో సగానికి దించిన జెండాలన్నీ పైకెక్కాయి. రేపు మధ్యాహ్నం మళ్ళీ దిగుతాయట. ఇంట్లో మైల ఉన్నా సింహాసనానికి లేదన్నమాట.

ఆదివారం, 11

ఇవాళ ఇండియాలోనూ ఒకరోజు సంతాపం. మహాలయ పక్షం మొదలైంది. తద్దినాలు ఎలాగూ ఇక్కడ జరగవు గనక వండిన అన్నంలోంచి ఒక ముద్ద తీసి తోటలో గోడ మీద పెట్టాను. ఇక్కడి కాకులు లావుగా ఉన్నాయి. వచ్చి తినేశాయి.

టీవీలో శవపేటిక బాల్మోరల్ నుంచి ఎడిన్‌బరో దాకా రోడ్డు మీద ఆరుగంటల ప్రయాణం. ఊరేగింపు దాటే ఒక పొలం గట్టున రైతులు ట్రాక్టర్లు వరసగా నిలబెట్టారు, ముందు బకెట్లు పైకెత్తి. ఇంతవరకూ చూసినవాటిలో నాకు బాగా నచ్చిన దృశ్యం అదే. వాళ్ళకున్నది ట్రాక్టరు, దాంతోనే దండం పెట్టారు.

సోమ, మంగళవారాలు

ఎడిన్‌బరోలో సెయింట్ జైల్స్ చర్చిలో ఉంచారు. మంగళవారం రాత్రి వానలో విమానం మీద లండన్ దగ్గర నార్తోల్ట్‌కి, అక్కడి నుంచి కారులో ప్యాలెస్‌కి. హైవే మీద అవతలి పక్క కార్లు ఆపేసి, దిగి, తడుస్తూ నిలబడ్డారు జనం.

మా అమ్మాయికి వచ్చే సోమవారం ఉన్న ఆస్పత్రి పరీక్ష వాయిదా పడిందని ఫోనొచ్చింది. అంత్యక్రియల రోజు దేశమంతా సెలవట. మళ్ళీ ఎప్పుడో చెప్పలేదు. "బాలింత కంటే చచ్చిపోయినావిడే ముఖ్యమా?" అని అది విసుక్కుంది. న్యాయమే.

పక్కింట్లో ఐర్లండు పెద్దాయన ఉంటాడు, ఒంటరి. ఆయనకి ఈ సందడేమీ పట్టదు. కంచె మీంచి, "చూస్తున్నారా?" అని నన్నడిగాడు. చూస్తున్నానన్నాను. "ఆవిడ మంచిదే. ఆవిడ కుర్చీతోనే నా పేచీ" అన్నాడు. ఖాళీ కాగితం పట్టుకుని నిలబడ్డ మనిషిని కూడా పోలీసులు ప్రశ్నించారని, ఎడిన్‌బరోలో కొందరిని అరెస్టు చేశారని చెప్పాడు. చెప్పేసి టమాటాలకి నీళ్ళు పోసుకోవడానికి వెళ్ళిపోయాడు.

బుధవారం, 14

మధ్యాహ్నం రెండుంపావు దాటాక పేటిక బకింగ్‌హామ్ ప్యాలెస్ నుంచి వెస్ట్‌మినిస్టర్ హాలుకి బయల్దేరింది. సాయంత్రం అయిదు నుంచి జనాన్ని లోపలికి వదులుతున్నారు, సోమవారం పొద్దున్న ఆరున్నర దాకా రాత్రీ పగలూ.

క్యూ ఎక్కడ మొదలవుతుందో, ఎంత దూరముందో యూట్యూబులో ప్రభుత్వమే చూపిస్తోంది. థేమ్స్ నదికి దక్షిణపు ఒడ్డున తూర్పుకి పాకుతోంది. అల్లుడూ నేనూ ఆ గీత వంకే చూస్తున్నాం. "రేపు నాకు సెలవుంది అత్తయ్యగారూ" అన్నాడు. మా అమ్మాయి ఇద్దర్నీ పిచ్చివాళ్ళని చూసినట్టు చూసింది. "తిరుపతి సర్వదర్శనానికి నిలబడలేనని వీఐపీ టికెట్టు కొనిపించిందానివి, ఇక్కడ నిలబడతావా?" అంది. పసివాణ్ణి చూసుకోవడానికి దాని స్నేహితురాల్ని పిలిచి, గంజి కాచి పెట్టి, ఓ డబ్బా చేగోడీలు సంచిలో వేసుకున్నాను.

గురువారం, 15 రాత్రి, తెల్లవారితే శుక్రవారం

సాయంత్రం ఏడు దాటాక బెర్మండ్సీ దగ్గర క్యూ చివర పట్టుకున్నాం. తొమ్మిది గంటలు పట్టొచ్చన్నారు. చేతికి నంబరున్న కాగితం పట్టీ చుట్టారు. అది ఉంటే పక్కకి వెళ్ళి మళ్ళీ మన చోటికి రావచ్చు. మొబైల్ మరుగుదొడ్లు వందల్లో పెట్టారు, నీళ్ళు పెట్టారు, పచ్చ జాకెట్ల వలంటీర్లు, చర్చి ఫాదర్లు అటూ ఇటూ తిరుగుతున్నారు. తోపులాట అన్నది లేదు. ముందుకు జరగమని అరిచేవాళ్ళూ లేరు.

మా ముందు మడతకుర్చీ పట్టుకున్న ముసలావిడ, డెబ్భై ఆరేళ్ళట, యార్క్‌షైర్ నుంచి ఒంటరిగా వచ్చింది. వెనక లెస్టర్ గుజరాతీ దంపతులు, కెన్యాలో పుట్టినవాళ్ళు. వాళ్ళ వెనక అంబులెన్సులో పనిచేసే కుర్రాడు, డ్యూటీ దిగి బట్టలు మార్చుకోకుండానే వచ్చాడు. 1952లో ఈ రాణి తండ్రి ఆరో జార్జి పోయినప్పుడు కూడా ఇదే హాల్లో ఉంచారు. అప్పుడు ఆరేళ్ళ పిల్లగా తండ్రి భుజాల మీద వచ్చానని చెప్పింది మడతకుర్చీ ఆవిడ. గుర్తున్నది ఏమిటంటే చలి, తండ్రి టోపీ వాసన. రాజు సంగతి ఏమీ గుర్తులేదట.

టవర్ బ్రిడ్జి దాటేసరికి బాగా చీకటి పడింది. ఏటి అవతల లండన్ టవర్ దీపాల వెలుగులో ఉంది. కోహినూరు అందులోనే, రాణీ తల్లి కిరీటంలో. అల్లుడు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందంటారు ఆ రాయి. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. తిరిగిచ్చినా పుట్టిన చోట పెట్టడానికి నేల లేదు. ఫొటో పెట్టలేదు. ఇవ్వాలా వద్దా అంటే ఇవ్వాలనే అంటాను, బళ్ళోనూ అదే చెప్పాను. కానీ ఒక చావింటి క్యూలో నిలబడి ఆస్తి పంపకాల మాట ఎత్తడం మా ఇళ్ళల్లో పద్ధతి కాదు.

చావింటి క్యూ అన్నాను గదా. అర్ధరాత్రయ్యేసరికి నాకు అర్థమైంది అదే. మన దగ్గర పరామర్శకి వెళ్ళినవాళ్ళు అరుగు మీద కూచుని పోయినవాళ్ళ గురించి మాట్లాడేది ఎంత? ఒక్క మాట. మిగతాదంతా మోకాళ్ళ నొప్పులు, బస్సు టైములు, పిల్లల ఉద్యోగాలు. ఈ రాత్రంతా ఇక్కడా అంతే. రాణిగారి ఊసు మొదటి గంటతో సరి. తరవాత గుజరాతీ ఆవిడ తన కోడలి గురించి, అంబులెన్సు కుర్రాడు ఇంటద్దె గురించి. వెళ్ళడానికి ఇల్లు లేని జనం ఏటి ఒడ్డున అయిదు మైళ్ళ అరుగు వేసుకున్నారు. నేనూ 1983లో రాణిగారు హైదరాబాదు వచ్చిన సంగతి చెప్పాను. నవంబరు 20, ఆవిడ పెళ్ళిరోజు, బొల్లారంలో హోలీ ట్రినిటీ చర్చికి వెళ్ళింది. నిజాం ఆవిడ పెళ్ళికి వజ్రాల నెక్లెసు ఇచ్చాడని కూడా చెప్పాను. అది ఇచ్చిందే, తీసుకున్నది కాదు, కాబట్టి చావింట్లో చెప్పొచ్చు.

చేగోడీలు పంచాను. కరకరలకి ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. మడతకుర్చీ ఆవిడ రెండు తీసుకుని ఒకటి చేతిసంచిలో వేసుకుంది. "తరవాతకి" అంది. ఎలుగుబంటి గుర్తొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం.

చలి ఎముకల్లోకి దిగింది. చీర మీద స్వెట్టరు, దాని మీద అల్లుడి జాకెట్టు. వెస్ట్‌మినిస్టర్ బ్రిడ్జి దాటాక అవతలి ఒడ్డున పార్లమెంటు, ఇవతల మా పక్కనే ఆస్పత్రి గోడ. గోడ పొడుగునా ఎర్రటి గుండె గుర్తులు, చేత్తో గీసినవి, లక్షన్నర పైనే. కోవిడ్‌లో పోయినవాళ్ళకి ఒక్కొక్కరికి ఒకటి. లోపల పేర్లు. క్యూ అక్కడ బాగా నెమ్మదించింది.

2021 మే నెలలో మా పెద్దన్నయ్య పోయాడు. సంచిలో చుట్టి తీసుకెళ్ళిపోయారు, మొయ్యడానికి నలుగురం కూడా వెళ్ళలేదు. పదో రోజు నేను వీడియో కాల్‌లో ఉన్నాను, సిగ్నలు రెండుసార్లు పోయింది. అదే ఏడాది ఏప్రిల్లో రాణిగారి భర్త ఫిలిప్ అంత్యక్రియలకి ముప్పైమందినే రానిచ్చారు. నల్లమాస్కుతో ఈవిడ బల్ల మీద ఒక్కర్తే కూచున్న ఫొటో అందరూ చూసే ఉంటారు. రాణి కాబట్టి ముప్పైమంది కాకుండా మూడొందలమంది రావచ్చని ఆవిడ అనలేదు. నాకు ఆవిడ మీద ఉన్న గౌరవమంటూ ఏదైనా ఉంటే ఆ బల్ల దగ్గర పుట్టిందే.

మడతకుర్చీ ఆవిడ సెల్‌ఫోన్ దీపం వేసి గోడ వెతుకుతోంది. "మా ఆయన పేరు ఇక్కడెక్కడో రాశాం. చీకట్లో కనపడటం లేదు." నేనూ వెతికాను. రంగు వెలిసిన పేర్లు చాలా ఉన్నాయి. ఇంతలో క్యూ కదిలింది.

లాంబెత్ బ్రిడ్జి దాటాక పార్కులో పాములా మెలికలు తిరిగే కంచెలు. దూరం తక్కువే గాని అసలు సహనపరీక్ష అక్కడే. తరవాత ఎయిర్‌పోర్టులో లాంటి తనిఖీ. తినేవీ తాగేవీ లోపలికి రానివ్వరు. మిగిలిన చేగోడీలు డబ్బాతో సహా వదిలేశాను. మంచి స్టీలు డబ్బా.

హాలు మెట్ల మీంచి కిందికి చూడగానే మొదట తోచింది నిశ్శబ్దం. తివాచీ పరిచారు, అడుగుల చప్పుడు కూడా లేదు. 1097లో కట్టిన గోడలు, పైన పద్నాలుగో శతాబ్దపు కొయ్య కప్పు. మధ్యలో ఎత్తు మీద పేటిక, దానిపై జెండా, కిరీటం. చుట్టూ తలలు వంచుకున్న కాపలావాళ్ళు విగ్రహాల్లా. ఠక్కుమని నేల మీద చప్పుడైంది. ఇరవై నిమిషాలకోసారి కాపలా మారడానికి అదే సంజ్ఞ. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఆ పుణ్యాన మాకు కొన్ని నిమిషాలు ఎక్కువ దొరికాయి.

పేటిక ముందుకి వచ్చినవాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు చేస్తున్నారు. కొందరు తల వంచారు, కొందరు శిలువ గుర్తు వేసుకున్నారు. అంబులెన్సు కుర్రాడు సెల్యూట్ కొట్టాడు. మడతకుర్చీ ఆవిడ మోకాలు వంచబోయి తూలితే అల్లుడు పట్టుకున్నాడు. నేను చేతులు జోడించాను. శవానికి ఎదురుగా నమస్కారం పెట్టడానికి నాకు రాణీ కానీ, చరిత్ర కానీ అడ్డురాలేదు. తరవాత అడ్డొస్తుందేమోనని కాసేపు చూశాను, రాలేదు.

బయటికొచ్చేసరికి నాలుగున్నర. ఎవరి దారిన వాళ్ళం విడిపోయాం, ఫోన్ నంబర్లు తీసుకోలేదు. మేం ఇంటికొచ్చి పడుకుని లేచేసరికి క్యూ నిండిపోయి కొత్తవాళ్ళని రానివ్వడం ఆపేశారట. ఫుట్‌బాల్ బెక్‌హామ్ కూడా ఇవాళ పన్నెండు గంటలకు పైగా అందరితోపాటే నిలబడ్డాడని టీవీలో చెప్పారు.

శని, ఆదివారాలు

కాళ్ళకి వేడినీళ్ళ కాపడం. మా అమ్మాయి "చెప్పానా" అనలేదు, చూపుతో సరిపెట్టింది. క్యూ ఇరవై నాలుగు గంటలు దాటిందట. మొత్తం మీద రెండున్నర లక్షలమంది చూశారని ప్రభుత్వం తరవాత అంచనా వేసింది. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి దేశమంతా నిమిషం మౌనం. మా పసివాడు సరిగ్గా అప్పుడే ఏడుపు అందుకున్నాడు.

సోమవారం, 19

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఎనిమిదో తేదీ నుంచి ఇది పన్నెండో రోజు. మన లెక్కలో ఈపాటికి దశాహం అయిపోయి, ఇవాళ సపిండీకరణం. పోయినావిడ పితృదేవతల్లో కలిసిపోవాలి, రేపటికి ఇంట్లోవాళ్ళు శుభం పలకాలి. వీళ్ళు ఇవాళ ఇంకా దేహాన్ని సాగనంపుతున్నారు. మనకి తంతు శరీరం వెళ్ళాక మొదలవుతుంది. వీళ్ళకి శరీరం ఉన్నంతసేపే తంతు.

పదకొండింటికి వెస్ట్‌మినిస్టర్ అబీ చర్చిలో ప్రార్థన టీవీలో చూశాం. పేటికని గుర్రాలు కాదు, 142 మంది నావికులు తాళ్ళతో లాగారు. 1901లో మా రాణీబొమ్మ విక్టోరియా అంత్యక్రియల్లో గుర్రాలు బండి పట్టీలు తెంపేస్తే నావికులే బండి లాగారు, అప్పటి నుంచీ అదే ఆనవాయితీ అయింది. మన ఊళ్ళో రథం లాగినట్టే ఉంది. ఈ సంగతి చెప్పడానికి గదిలో విద్యార్థులెవరూ లేకపోయారు. పసివాడికి చెప్పాను.

మధ్యాహ్నం అల్లుడితో కలిసి హీత్రో పక్కన, హాటన్ క్రాస్ దగ్గర పెద్దరోడ్డు మీదికి వెళ్ళాను. ఖననానికి విండ్సర్ కోటకి తీసుకెళ్ళే కారు ఆ దారినే వస్తుంది. జనం రెండు వరసలు, మూడు వరసలు. హౌన్‌స్లో, ఫెల్తమ్ వైపు ఇళ్ళవాళ్ళే ఎక్కువ, తలపాగాలు, బురఖాలు, రెండు మూడు తెలుగు మాటలు కూడా వినిపించాయి. ఆకాశం ఖాళీ. నెలన్నరగా నిమిషానికొకటి నెత్తిమీద గర్జిస్తూ పోయే విమానాల్లో చాలావాటిని చప్పుడు కాకూడదని ఈ కాసేపు ఆపేశారు. ఆ శబ్దం లేకపోతే ఈ ఊళ్ళో ఇన్ని పిట్టలున్నాయని తెలిసింది.

కారు వచ్చింది. అద్దాలు పెద్దవి, లోపల దీపం, పేటిక అందరికీ కనపడాలని అలా చేయించారట. ఎవరో విసిరిన పూలు రెండు దాని మీద ఇరుక్కుని ఉన్నాయి. నేను చేతులు జోడించేలోపే దాటిపోయింది. పక్కన తండ్రి భుజాల మీదున్న పిల్ల "అయిపోయిందా?" అని అడిగింది.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం. పక్కింటి పెద్దాయన గుమ్మం ముందున్నాడు.

"చూశారా?"

"చూశాను. చాలా జోరుగా పోయింది."

ఆయన తలూపాడు. మేం పొద్దున్నే బయటపెట్టి మరిచిపోయిన చెత్తడబ్బాని లోపలికి లాక్కొస్తూ, ఇవాళ సెలవు గనక చెత్తబండి రాలేదని, రేపు మళ్ళీ బయట పెట్టమని చెప్పాడు.